పాత సర్వర్లలో కెర్నల్: ఎవరి ప్యాచ్ నమ్మాలి, రీబూట్ ఎప్పుడు చేయాలి?

గట్టుమీద

అందరికీ నమస్కారం. కాకినాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో సర్వర్లు చూసుకునే పని నాది. మొన్న భద్రతా తనిఖీకి వచ్చినవాళ్లు స్కానర్ నడిపి, ఒక లావుపాటి నివేదిక చేతిలో పెట్టి వెళ్లారు. అందులో సగం పేజీలు ఒకే మాట: లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ 3.10, కాలం చెల్లినది, వెంటనే మార్చండి.

యంత్రాలు మూడు. పెద్దది జియాన్ 5600 కాలం నాటిది. ఫైళ్లు, బ్యాకప్‌లు దాని మీదే. డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డు ఎల్‌ఎస్‌ఐ ఎస్‌ఏఎస్ 1078. రెండోది మొదటి తరం జియాన్ స్కేలబుల్, ఇంటెల్ ఎక్స్710 పది గిగాబిట్ కార్డుతో ఉంది. ల్యాబ్ వర్చువల్ మెషీన్లన్నీ దాని మీద నడుస్తాయి. ఈ రెండింటిలోనూ సెంటాస్ 7 (రెడ్‌హ్యాట్ లైనక్స్ 7కు ఉచిత నకలు). మూడోది ఏఎండీ ఎపిక్ 7002 తరం, ఆల్మాలైనక్స్ 8 (రెడ్‌హ్యాట్ 8కు అలాంటిదే). పరిశోధన విద్యార్థుల లెక్కలు రోజుల తరబడి నడుస్తాయి కనుక పెట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ ఆపనివ్వలేదు.

పెద్దదానిలో ఖాళీ డిస్కుల మీద ఆల్మా 8 ఎక్కిద్దామని చూస్తే ఇన్‌స్టాలర్‌కు ఒక్క డిస్కూ కనిపించలేదు. సెంటాస్ 7లో మాత్రం అన్నీ కనిపిస్తున్నాయి. సెంటాస్‌ను అలాగే ఉంచి కెర్నల్ ఒక్కటే కొత్తది వేసుకోవచ్చా? యంత్రాలు ఆపకుండా ప్యాచ్ వేసే మార్గం ఉందా అని ప్రిన్సిపాల్ గారు అడుగుతున్నారు.

దాసు_డెబియన్

డెబియన్ 13 వేసేయండి. కెర్నల్ 6.12. మీ 1078 కార్డు కనిపిస్తుంది, ఆ పాత జియాన్ కూడా సరిపోతుంది. మిగతా చర్చ అంతా తీరిక ఉన్నవాళ్ల కోసం.

రాత్రిషిఫ్ట్

దాసు గారి జవాబు ఎప్పుడూ ఒకటే, ప్రశ్నలే మారుతుంటాయి. :)

ముందు ఆ స్కానర్ నివేదిక సంగతి చూద్దాం. 3.10 అన్న అంకె చూసి ఎవరూ బెదరనక్కర్లేదు. అసలు 3.10 విడుదలైంది 2013 జూన్ 30న. రెడ్‌హ్యాట్ 7లో ఉన్నది పేరుకే 3.10. దాని మీద వేల ప్యాచ్‌లు వెనక్కి తెచ్చి అతికించారు. మీ కెర్నల్ పేరులో 3.10.0 తర్వాత 1160 అని ఉంటుంది చూడండి, అసలు కథ ఆ రెండో భాగంలో ఉంది. చవక స్కానర్లు మొదటి భాగం ఒక్కటే చూసి తీర్పు చెప్పేస్తాయి. ఫలానా సీవీఈ, అంటే నంబరు ఇచ్చి నమోదు చేసిన భద్రతా లోపం, సరిచేశారా లేదా అన్నది తెలియాలంటే ఆర్‌పీఎంలో ఆ కెర్నల్ ప్యాకేజీ మార్పుల చిట్టా తీసి, సీవీఈ నంబరుతో గ్రెప్ చేసి వెతకండి. జవాబు అందులోనే ఉంటుంది.

ఉదాహరణకు 2016లో బయటపడిన డర్టీ కౌ. ఆ లోపం 2007 నాటి 2.6.22 నుంచీ ఉంది, కనుక 3.10కీ వర్తించింది, ప్యాచ్ వచ్చింది. 2022 నాటి డర్టీ పైప్ 5.8లో వచ్చిన మార్పుతో పుట్టింది. 3.10కు దానితో సంబంధమే లేదు. అయినా కొన్ని నివేదికల్లో రెండూ పక్కపక్కనే ఎర్రగా కనిపిస్తాయి.

ఇంత చెప్పాక, మీ విషయంలో స్కానర్ చెప్పింది నిజమే, కాకపోతే కారణం వేరు. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో ప్యాచ్‌లు ఆగిపోయాయి. ఆ తర్వాత బయటపడిన ప్రతి లోపమూ మీ యంత్రంలో అలాగే ఉంది. రెడ్‌హ్యాట్ 7కు డబ్బు కట్టినవాళ్లకు పొడిగింపు ఉంది. సెంటాస్ 7కు కూడా టక్స్‌కేర్ లాంటి సంస్థలు రుసుము తీసుకుని ప్యాచ్‌లు ఇస్తున్నాయి. మా దగ్గర ఒక అప్లికేషన్ 7 దాటి కదలదు కనుక ఆ దారిలోనే నడుస్తున్నాం. కళాశాలకు ఆ ఖర్చు అనవసరం అని నా అభిప్రాయం.

గట్టుమీద

ధన్యవాదాలు. మార్పుల చిట్టా చూశాను, నివేదికలోని పాత సీవీఈలు చాలా వరకు అందులో ఉన్నాయి. మరి రెడ్‌హ్యాట్ కుటుంబం కోసం బయటివాళ్లు నడిపే ఈఎల్‌రెపో భండారం నుంచి కొత్త కెర్నల్ తెచ్చుకుంటే? సెంటాస్ 7 కదలదు, కెర్నల్ మాత్రం మారుతుంది.

నల్లమల

ఆ దారి మూసేశారండీ. సెంటాస్ 7తో పాటే ఈఎల్‌రెపో కూడా 7కు ప్యాకేజీలు ఆపేసింది. అక్కడ దొరికే దీర్ఘకాలిక (ఏళ్ల తరబడి ప్యాచ్‌లు అందే) కెర్నల్ 5.4 శాఖది, ఆ శాఖకూ 2025 డిసెంబరుతో చెల్లు. పైగా కెర్నల్ ఒక్కటి కొత్తదై, గ్లిబ్‌సీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, సిస్టమ్‌డీ లాంటి మిగతా ముఖ్య భాగాలన్నీ పాతవిగానే ఉంటే తనిఖీవాళ్లు ఈసారి వాటి పేజీలు అచ్చు వేసి ఇస్తారు.

ఆల్మా 8లో డిస్కులు ఎందుకు కనిపించలేదో చెబుతాను. మీ కార్డును నడిపే డ్రైవర్ పేరు మెగారెయిడ్ ఎస్‌ఏఎస్. ఆ డ్రైవర్ 8లో కూడా ఉంది. కానీ తాను ఏయే కార్డులను నడపగలదో చెప్పే పీసీఐ ఐడీల పట్టిక ఒకటి దానిలో ఉంటుంది. రెడ్‌హ్యాట్ 8లో ఆ పట్టిక నుంచి 1078 కుటుంబాన్ని తప్పించారు. కెర్నల్ బూట్ అవుతుంది, బస్సు మీద 1000:0060 అనే పరికరాన్ని చూస్తుంది, అది నాదే అని ఏ డ్రైవరూ ముందుకు రాదు. అంతే, డిస్కు లేదు. అసలు కెర్నల్‌లో, అంటే లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చూసే మూల కోడ్ చెట్టులో, ఆ వరుస ఇంకా ఉంది. అందుకే డెబియన్‌లో కనిపిస్తుంది.

డ్రైవర్లను ఇలా తప్పించడం మీద నాకు కోపం ఉంది కానీ వాళ్ల లెక్క కూడా అర్థమవుతుంది. పదేళ్లు మద్దతు ఇస్తానని సంతకం పెట్టినవాడు, పరీక్షించడానికి కార్డే దొరకని పరికరానికి హామీ ఇవ్వలేడు. ఆల్మావాళ్లు 9.4లో ఇలా తప్పించిన కొన్ని పాత కార్డుల ఐడీలను తిరిగి చేర్చారు. ఎల్‌ఎస్‌పీసీఐని -ఎన్‌ఎన్ తో నడిపి మీ కార్డు ఐడీ రాసుకుని, విడుదల పత్రంలోని జాబితాతో పోల్చుకోండి. లేదంటే 8, 9లకు ఈఎల్‌రెపో ఈ డ్రైవర్‌ను విడి మాడ్యూల్‌గా ఇస్తుంది, ఇన్‌స్టాలర్‌కు అందించే డిస్కు ఇమేజ్ కూడా దొరుకుతుంది. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను ఆపే కట్టడి) ఉన్న యంత్రమైతే వాళ్ల సంతకపు తాళం చెవిని మోక్‌యుటిల్‌తో చేర్చుకోవాలి. మీ పాత పెట్టెకు ఆ బాధ లేదు.

ఒక్క మాట. రెడ్‌హ్యాట్ 10కి ఏవీఎక్స్2 ఉన్న ప్రాసెసర్, అంటే ఎక్స్86-64-వీ3 స్థాయి కావాలి. జియాన్ 5600లో అది లేదు. ఆల్మా 10కి వీ2 స్థాయి ప్రతి వేరుగా ఇస్తున్నారు కానీ, ఆ యంత్రానికి ఇప్పుడు కావలసింది కొత్త కెర్నల్ కాదు, పదవీ విరమణ.

సొంతవంట

అందరూ ఎవరో వండి పెట్టిన కెర్నల్ గురించే మాట్లాడుతున్నారు. కెర్నల్.ఆర్గ్ నుంచి దీర్ఘకాలిక శాఖ ఒకటి దించుకుని మనమే కంపైల్ చేసుకుంటే ఈ ఐడీల గొడవే ఉండదు. నేను నా సర్వర్లన్నింటికీ అదే చేస్తాను.

పాత కాన్ఫిగ్ ఫైలును కొత్త చెట్టులోకి కాపీ చేసి మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ అంటే కొత్త ప్రశ్నలకు అప్రమేయ జవాబులు అదే వేసుకుంటుంది. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అంటే ఇప్పుడు మెమొరీలో ఉన్న మాడ్యూళ్లు మాత్రమే ఉంచి మిగతావన్నీ తీసేస్తుంది. కంపైల్ చాలా త్వరగా అయిపోతుంది. కానీ జాగ్రత్త: ఆ క్షణంలో యూఎస్‌బీ బ్యాకప్ డిస్కు తగిలించి లేకపోతే దాని డ్రైవర్ కూడా పోతుంది.

కొత్తవాళ్లు తప్పకుండా పడే గుంట ఇంకొకటి. పంపిణీల కాన్ఫిగ్‌లో డీబగ్ సమాచారం తెరిచి ఉంటుంది. అలాగే మాడ్యూళ్లు ఇన్‌స్టాల్ చేస్తే బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు వందల మెగాబైట్లకు ఉబ్బుతుంది, బూట్ విభజన నిండిపోతుంది, సగం రాసిన ఫైలుతో యంత్రం తర్వాతిసారి లేవదు. మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 ఇవ్వండి. డెబియన్, ఉబుంటు కాన్ఫిగ్‌లతో కట్టేవాళ్లు నమ్మకమైన తాళాల ఫైలు దారిని ఖాళీ చేయాలి. లేకపోతే వాళ్ల సర్టిఫికెట్ దొరకలేదని కంపైల్ మధ్యలోనే ఆగిపోతుంది.

రాత్రిషిఫ్ట్

సొంతవంట గారూ, మీ చేతి నైపుణ్యం మీద అనుమానం లేదు. కానీ గట్టుమీద గారు ఒక్కరే మూడు యంత్రాలు, ల్యాబ్‌లు, వైఫై, ప్రింటర్లు చూసుకునే మనిషి అనుకుంటాను. కెర్నల్.ఆర్గ్‌లో సవరణలు మాత్రమే చేరే స్థిర శాఖల్లో దాదాపు వారానికో విడుదల వస్తుంది. ఒక్కోదానిలో వందల ప్యాచ్‌లు ఉంటాయి. ఎవరు చదువుతారు?

2023 నవంబరు చివర 6.1.64లో జరిగింది గుర్తు చేసుకోండి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో డైరెక్ట్ ఐఓతో (మెమొరీలో ఆగకుండా నేరుగా), వెంటనే డిస్కుకు చేరాలన్న ఓ-సింక్ గుర్తుతో రాసే ఫైళ్ల కోసం ఒక సవరణను కొత్త కెర్నల్ నుంచి 6.1కి తెచ్చారు. కొత్త కెర్నల్‌లో అది సరైన ప్యాచే. కానీ ఐఓమ్యాప్ అనే పొరలో అంతకుముందు జరిగిన వేరే మార్పు మీద అది ఆధారపడి ఉంది. ఆ మార్పు 6.1లో లేదు. ఆ లంకె ఎక్కడా రాసి లేదు కనుక ప్యాచ్ శుభ్రంగా అతుక్కుంది, కంపైల్ అయింది. రాసిన తర్వాత ఫైలులో స్థానం లెక్క మాత్రం తప్పి డేటా పాడయ్యే స్థితి వచ్చింది. డెబియన్ 12.3 అదే కెర్నల్‌తో డిసెంబరు 9న రావలసింది. ఆఖరి నిమిషంలో ఆపి, 6.1.66 పెట్టి, మర్నాడు నేరుగా 12.4గా విడుదల చేశారు. 12.3 అనే అంకె అలా మధ్యలో మిగిలిపోయింది.

దీన్ని కళ్లతో చదివి పట్టుకోగలవాళ్లు ఎంతమంది? ఈఎక్స్‌టీ4, ఐఓమ్యాప్ రెండింటి చరిత్రా తలలో ఉన్నవాళ్లే పట్టాలి. మనలాంటివాళ్లకు ఉన్నదల్లా కొంచెం ఆగడం, ముందు అంత ముఖ్యం కాని యంత్రం మీద వేసి చూడడం.

సొంతవంట

ఆగడం అనే మందుకు కూడా విషం ఉంది. ఏది భద్రతా ప్యాచో, ఏది కాదో ఏరుకుంటాం అనేవాళ్లకు స్థిర శాఖల బాధ్యత చూసే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఎన్నో ఏళ్లుగా చెప్పేది ఒకటే: స్థిర శాఖలో వచ్చినవన్నీ తీసుకోండి. కెర్నల్‌లో ఏ సాధారణ లోపం రేపు దాడికి దారి అవుతుందో సరిచేసే రోజున ఎవరికీ తెలియదు. 2024 ఫిబ్రవరి నుంచి సీవీఈ నంబర్లు ఇచ్చే అధికారం కెర్నల్ బృందానికే వచ్చింది. అప్పటి నుంచి నంబర్లు వరద. ఒక్కోదాన్నీ చదివి మాకు వర్తిస్తుందా అని చూసేంత సిబ్బంది పెద్ద బ్యాంకులకైనా ఉంటారా?

మీ రెడ్‌హ్యాట్ పద్ధతిలో కూడా ఇదే ప్రమాదం ఉంది. 8లో 4.18 అని పేరు, లోపల ఎన్నో కొత్త కెర్నళ్ల ముక్కలు. ఆ కలయికను పరీక్షించేది వాళ్లొక్కరే. స్థిర శాఖను అయితే లోకమంతా పరీక్షిస్తోంది. ఈఎక్స్‌టీ4 సంగతి కొద్ది రోజుల్లోనే బయటపడింది, అదీ అందుకే.

రాత్రిషిఫ్ట్

లోకం పరీక్షిస్తున్నప్పుడు ఆ లోకంలో మన కళాశాల పరీక్షా ఫలితాల సర్వర్ ఉండకూడదు అన్నదే నా మాట. దీర్ఘకాలిక శాఖ అంటే ఆరేళ్లు అనుకునే రోజులు కూడా పోయాయి, 2023లోనే దాన్ని రెండేళ్లకు కుదిస్తామన్నారు. ఒక శాఖకు తర్వాత పొడిగింపు రావచ్చు, రాకపోవచ్చు. దాన్ని నమ్ముకుని మూడేళ్ల ప్రణాళిక వేయలేం. సొంతంగా కట్టేవాళ్లు రెండేళ్లకోసారి శాఖ మారడానికి సిద్ధపడాలి. మీరు పడతారు. మీరు సెలవు పెట్టిన నెలలో ఎవరు పడతారు?

పాతచింతకాయ

ఇద్దరూ బాగా వాదించుకున్నారు. గట్టుమీద బాబూ, నువ్వు మొదటి పోస్టులో మామూలుగా అనేసిన ఒక మాట నా కంట్లో పడింది. ఆ ఎపిక్ యంత్రాన్ని పెట్టినప్పటి నుంచి ఆపలేదన్నావు. అప్‌టైమ్, అంటే ఆగకుండా నడిచిన కాలం, ఎంతో చూశావా?

ఎపిక్ 7002, అంటే రోమ్ తరం ప్రాసెసర్లకు ఏఎండీ తన లోపాల పత్రంలో 1474 నంబరుతో ఒకటి రాసింది. చివరి సిస్టమ్ రీసెట్ నుంచి సుమారు 1,044 రోజులు గడిచాక ఒక కోర్ సీసీ6 అనే గాఢనిద్రలోకి వెళ్లి తిరిగి లేవకపోవచ్చు. సరిచేసే ఉద్దేశం లేదని కూడా అందులోనే రాశారు. గడువులోపు రీబూట్ చేయాలి, లేదా సీసీ6 నిద్రను ఆపేయాలి. అవే మార్గాలు.

మా కాలంలో ఇలాంటిదే కెర్నల్‌లో ఉండేది, 208 రోజుల జబ్బు అనేవాళ్లం. 2.6.32 నాటి కెర్నళ్లు ప్రాసెసర్ గడియారపు టిక్కులను నానోసెకన్లుగా మార్చడానికి ఒక గుణకారం చేసి, ఫలితాన్ని 10 బిట్లు కుడికి జరిపేవి. గుణకారం ఫలితం పట్టేది 64 బిట్లలో. 10 పోతే మిగిలేది 54. రెండు ఘాతం 54 నానోసెకన్లను రోజుల్లోకి మార్చుకో, 208.5 వస్తుంది. ఆ రోజున గుణకారం పొంగి గడియారం ఒక్కసారిగా వెనక్కి దూకేది. కొన్ని యంత్రాలు ఏమీ జరగనట్టే నడిచేవి, కొన్ని పానిక్ అయ్యేవి, అంటే కెర్నల్ చేతులెత్తేసేది. ఒకే రోజు ర్యాక్‌లో పెట్టిన సర్వర్లన్నీ ఒకే రాత్రి పడేవి. జంటగా పెట్టిన క్లస్టర్‌కు అర్థం ఏముంటుంది అప్పుడు?

డిస్కులూ తక్కువ తినలేదు. 2019లో హెచ్‌పీఈ కొన్ని ఎస్‌ఏఎస్ ఎస్‌ఎస్‌డీల గురించి హెచ్చరిక ఇచ్చింది: 32,768 గంటలు నడిచాక, ఫర్మ్‌వేర్ మార్చకపోతే, డేటాతో సహా పనికిరాకుండా పోతాయని. రెండు ఘాతం 15 అది. ఒకే పెట్టెలోంచి తీసి ఒకే రోజు రెయిడ్‌లో పెట్టిన డిస్కులకు గంటల లెక్క కూడా ఒకటే. రెయిడ్ ఏం కాపాడుతుంది?

అందుకే అప్‌టైమ్ చూపించి మీసం మెలేసేవాళ్లను చూస్తే నాకు భయం. మూడేళ్లు ఆగని యంత్రం అంటే మూడేళ్లుగా కొత్త కెర్నల్ ఎక్కని యంత్రం. ప్యాకేజీ దించి ఉండొచ్చు, డిస్కు మీద ఉండొచ్చు, నడుస్తున్నది మాత్రం పాతదే.

గట్టుమీద

ఇప్పుడే చూశాను. వెయ్యికి కాస్త తక్కువ ఉంది. గుండె ఒక్కసారి ఆగింది.

మీరన్న ఆఖరి మాట కూడా నిజమే. ప్యాకేజీలు దించే డీఎన్‌ఎఫ్ మూడు కొత్త కెర్నళ్లు దించి పెట్టింది, నడుస్తున్న కెర్నల్ ఏదో చెప్పే యూనేమ్ మాత్రం మొదటి రోజుదే చూపిస్తోంది. మరి ఇలాంటి యంత్రానికి లైవ్ ప్యాచింగ్, అంటే రీబూట్ లేకుండా నడుస్తున్న కెర్నల్‌కే ప్యాచ్ వేయడం, పెట్టుకుంటే?

రాత్రిషిఫ్ట్

లైవ్ ప్యాచింగ్ మా దగ్గర వాడతాం కనుక రాస్తున్నాను. 2014లో రెడ్‌హ్యాట్ కేప్యాచ్, సూసే కేగ్రాఫ్ట్ విడివిడిగా వచ్చాయి. రెండింటికీ ఉమ్మడి పునాది 2015లో 4.0 కెర్నల్‌లో చేరింది. అంతకుముందే కేస్ప్లైస్ ఉండేది, 2011లో ఒరాకిల్ కొనేసింది.

పని చేసే తీరు ఇది. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఎఫ్‌ట్రేస్ అనే జాడ తీసే సాధనం కోసం వదిలిన చిన్న చోటు ఉంటుంది. లోపం ఉన్న ఫంక్షన్‌ను ఎవరు పిలిచినా అక్కడి నుంచి సరిచేసిన కొత్త ఫంక్షన్‌కు మళ్లిస్తారు. పాత ఫంక్షన్ మధ్యలో ఉన్న ప్రాసెస్‌ను మార్చకూడదు కనుక ఒక్కో ప్రాసెస్ స్టాక్ చూసి, అందులో ఆ ఫంక్షన్ లేనప్పుడే దాన్ని కొత్త దారిలోకి తెస్తారు. డిస్కు జవాబు కోసం ఎక్కడో ఇరుక్కున్న ప్రాసెస్ ఒకటి ఉంటే ఈ మార్పిడి పూర్తి కాకుండా అలా వేలాడుతూనే ఉంటుంది. కెర్నల్ స్థితిని ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో లైవ్‌ప్యాచ్ కింద ట్రాన్సిషన్ అనే ఫైలులో 1 పోకుండా కనిపిస్తే అదే సంగతి.

ఫంక్షన్ లోపలి తర్కం మారితే చాలు అనుకునే సవరణలకు ఇది అద్భుతం. డేటా నిర్మాణమే మారాలంటే కష్టం, నడుస్తున్న మెమొరీలో పాత ఆకారపు వస్తువులు ఇప్పటికే లక్షల్లో ఉంటాయి కదా. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం కోసం పేజీ పట్టికలను విడదీసిన మార్పు లాంటివి మామూలు లైవ్ ప్యాచ్‌కు లొంగవు. అందుకే మేము దీన్ని సమయం కొనుక్కోవడానికి మాత్రమే వాడతాం: మంగళవారం లోపం బయటపడితే ఆ రోజే లైవ్ ప్యాచ్, ఆదివారం రాత్రి అసలు రీబూట్.

మీ రోమ్ యంత్రానికి మాత్రం ఇది వైద్యం కాదు, రోగం ముదిరిస్తుంది. ప్యాచ్ పడుతుంది, అప్‌టైమ్ పెరుగుతుంది, 1,044 దగ్గరపడుతుంది.

చదువరి2

మధ్యలో దూరుతున్నాను, మన్నించండి. కెఎగ్జెక్‌తో రీబూట్ చేస్తే బయోస్ పరీక్షలన్నీ దాటేసి త్వరగా లేస్తుంది కదా? అది ఇక్కడ పనికొస్తుందా?

పాతచింతకాయ

రోమ్ లెక్క సిస్టమ్ రీసెట్ నుంచి. కెఎగ్జెక్ హార్డ్‌వేర్‌ను రీసెట్ చేయదు, పాత కెర్నల్ నుంచి కొత్త కెర్నల్‌కు నేరుగా దూకుతుంది. కనుక పనికిరాదు. పాత రెయిడ్ కార్డు ఉన్న పెట్టెలో కూడా వద్దు. కార్డు లోపలి స్థితి శుభ్రం కాకుండానే కొత్త డ్రైవర్ దాన్ని పలకరిస్తే ఏం జవాబు వస్తుందో చెప్పలేం. ర్యామ్ ఎక్కువున్న సర్వర్ లేవడానికి నిమిషాలు పడుతుంది, పట్టనీ.

మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) కూడా అంతే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ముందు భాగంలో పెట్టి, బూట్ మొదట్లోనే ఎక్కించడం సరైన పద్ధతి. నడుస్తుండగా ఎక్కిస్తే కొత్త కెర్నళ్లు తమను తామే మచ్చపడ్డట్టు గుర్తు వేసుకుంటాయి. 2018 జనవరిలో ఇంటెల్ స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం కోసం ఇచ్చిన మైక్రోకోడ్ వల్ల యంత్రాలు రీబూట్ అవుతున్నాయని, దాన్ని వేయడం ఆపండని తానే చెప్పింది. కాబట్టి ఏ మైక్రోకోడ్ వెర్షన్ నడుస్తోందో కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ మొదటి వరుసల్లో చూసి రాసి పెట్టుకోండి.

పాత జియాన్‌లో సిస్‌ఎఫ్‌ఎస్ కింద సీపీయూ వల్నరబిలిటీస్ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఒకసారి క్యాట్ చేసి చూడు బాబూ. మైక్రోకోడ్ లేదు, అయినా బఫర్లు తుడవడానికి ప్రయత్నించాను అనే అర్థంలో ఒక వరుస వస్తే, ఏ కెర్నల్ వేసినా ఆ లోపం నీతోనే ఉంటుంది. బయటివాళ్ల కోడ్ నడిపే పని దానికి ఇవ్వకు.

నల్లమల

అసలు రీబూట్ ఎలా చేయాలో ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. నాకు తెలిసినంతలో ఏ కెర్నల్ వేశామన్నదాని కంటే, అది లేవకపోతే పాతది దానంతట అదే తిరిగి వస్తుందా అన్నదే రాత్రి నిద్రను నిర్ణయిస్తుంది.

కొత్త కెర్నల్‌ను అప్రమేయంగా పెట్టకండి. కెర్నల్‌ను ఎంచి బూట్ చేయించే గ్రబ్‌లో పాతదే అప్రమేయంగా ఉంచి, గ్రబ్2-రీబూట్‌తో కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రమే ఎంచుకోండి. కెర్నల్ వరుసలో (బూట్ వేళ కెర్నల్‌కు ఇచ్చే సూచనల వరుస) పానిక్=10 చేర్చండి, పానిక్ అయితే పది సెకన్లలో రీబూట్ అయి పాతదానిలోకి వస్తుంది. ఇక్కడితో ఆపేస్తారు చాలా మంది. కానీ మూల విభజన దొరకకపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉండే డ్రాకట్ పానిక్ అవదు, అత్యవసర షెల్ తెరిచి మీ కోసం కూర్చుంటుంది. అందుకు ఆర్‌డీ.షెల్=0, ఆర్‌డీ.ఎమర్జెన్సీ=రీబూట్ కూడా కావాలి. పానిక్ కాకుండా బిగుసుకుపోయే రకం కోసం ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి నియంత్రించే ఏర్పాటు) వాచ్‌డాగ్.

ఇంకో చిక్కు. ఒక్కసారికి అన్న గుర్తును గ్రబ్ తానే చెరిపేయాలి. బూట్ విభజన ఎల్‌వీఎం మీదో, సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీదో ఉంటే గ్రబ్ దాన్ని చదవగలదు, రాయలేదు. గుర్తు చెరగదు, ప్రతిసారీ ఆ పాడు కెర్నలే లేస్తుంది. బూట్ మామూలు విభజన మీద ఉందో లేదో ముందే చూసుకోండి.

కన్సోల్ మాటలు కనబడాలి కనుక కెర్నల్ వరుసలో సీరియల్ కన్సోల్ చేర్చి, ఐపీఎంఐ సీరియల్ ఓవర్ ల్యాన్ తెరిచి పెట్టుకోండి. నెట్‌వర్క్ లేని యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లలేరు. రెండో యంత్రం ఎక్స్710 అన్నారు కనుక ఈ మాట మరీ ముఖ్యం. అది ఐ40ఈ డ్రైవర్ కార్డు. 2024లో వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ 8.2 కెర్నల్ 6.8కి మారినప్పుడు ఇలాంటి కార్డుల ఇంటర్‌ఫేస్ పేర్ల చివర ఎన్‌పీ0 అనే తోక చేరి, బ్రిడ్జ్ కాన్ఫిగ్‌లోని పాత పేరు ఎవరికీ చెందకుండా పోయింది. పేర్లు మారవచ్చని వాళ్లు విడుదల పత్రంలో ముందే రాశారు, చదివినవాళ్లు బతికారు. సిస్టమ్‌డీ లింక్ ఫైలులో మ్యాక్ చిరునామాతో పేరు కట్టేసుకుంటే ఏ కెర్నల్ వచ్చినా పేరు కదలదు. అదే కెర్నల్‌లో ఇంటెల్ ఐఓఎంఎంయూ (పరికరాలు మెమొరీని తాకే హద్దులు చూసేది) అప్రమేయంగా తెరుచుకోవడం ఇంకో మార్పు. కొన్ని పాత సర్వర్లు దానితో సరిగా లేవలేదు. ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆఫ్ అన్న మాట గుర్తుంచుకోండి.

గట్టుమీద

ఆలస్యంగా వస్తున్నాను, పరీక్షల కాలం. ఇప్పటికి జరిగింది రాస్తాను.

ఎపిక్ యంత్రం ఆదివారం రీబూట్ అయింది. విద్యార్థుల లెక్కలకు చెక్‌పాయింట్ పెట్టుకోమని వారం ముందే నోటీసు అంటించాను, ఇద్దరు తప్ప అందరూ పెట్టుకున్నారు. ఇకపై ప్రతి సెమిస్టర్ సెలవుల్లో రీబూట్ అని ప్రిన్సిపాల్ గారి సంతకంతో కాగితం తీసుకున్నాను. ఆపకుండా ప్యాచ్ వేయలేరా అన్న ప్రశ్నకు 1,044 అన్న అంకె చాలా పని చేసింది.

రెండోదానిలో నల్లమల గారు చెప్పినట్టు మ్యాక్‌తో పేర్లు కట్టేసి, ఆల్మా 9 కొత్తగా వేశాను. పేరు కదల్లేదు. పాత జియాన్‌లో డెబియన్ 13 పెట్టాను. దాసు గారూ, ఒప్పుకుంటున్నాను, డిస్కులు వెంటనే కనిపించాయి, రెయిడ్ మీద ఉన్న పాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ డేటా కూడా ముట్టుకోకుండా మౌంట్ అయింది. ఇకపై దానికి బ్యాకప్‌ల పని ఒక్కటే, బయటి నెట్‌వర్క్ తీసేశాను.

ఒకటి మిగిలింది. సెంటాస్‌లో వాడిన కెర్నల్ వరుసనే డెబియన్ గ్రబ్‌లోకి తెచ్చుకున్నాను. అంతా బాగుంది కానీ కెర్నల్ పడితే మెమొరీ నకలు తీసే కేడంప్ మొదలవడం లేదు, మెమొరీ కేటాయించలేదంటోంది.

దాసు_డెబియన్

మీ వరుసలో క్రాష్‌కెర్నల్=ఆటో అని ఉంటుంది చూడండి. ఆ ఆటో రెడ్‌హ్యాట్ 7, 8 కెర్నళ్ల సొంత సౌకర్యం. అసలు కెర్నల్‌లోకి అది ఎప్పుడూ రాలేదు, రెడ్‌హ్యాట్ 9లో వాళ్లే తీసేశారు. మీ రెండో యంత్రంలో కూడా ఆ మాట మిగిలిందేమో చూసుకోండి. డెబియన్‌లో అంకె ఇవ్వాలి, క్రాష్‌కెర్నల్=512ఎం తో మొదలుపెట్టండి. అప్‌డేట్-గ్రబ్ చేసి, రీబూట్ చేసి, ప్రాక్ కింద ఐఓమెమ్‌లో క్రాష్ కెర్నల్ అనే వరుస ఉందేమో చూడండి. ఉంటే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌లోకి సీ అక్షరం పంపి కావాలనే ఒకసారి పడేయండి. వార్ క్రాష్ ఫోల్డర్‌లో డంప్ పడితేనే కేడంప్ ఉన్నట్టు.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అన్నారు కదా, ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఇన్ఫోలో సీఆర్‌సీ=0 అని వస్తే అది పాత నాలుగో రూపం. కెర్నల్‌వాళ్లు దాన్ని 2030 సెప్టెంబరులో తీసేస్తామని రాసి పెట్టారు. దాన్ని అక్కడికక్కడే ఐదో రూపంలోకి మార్చలేం, డేటా వేరేచోటికి తీసి కొత్తగా ఫార్మాట్ చేయాలి. ఆ యంత్రం అంతవరకు ఉంటుందని నేను అనుకోను గానీ, డిస్కులు కొత్త పెట్టెలోకి మార్చే రోజున ఈ వరుస గుర్తుకు రావాలి.